గాండీవం కూడా చేతులు మారినదే

“మా వాడికి ఒకరు వాడి వదిలేసిన విల్లు దేనికండీ? అప్పో సప్పో చేసి కొత్తదే కొంటాం.” విజయవాడలో విలువిద్య నేర్పే మైదానాల్లో, పిల్లల కోసం ఎదురుచూస్తూ కూర్చునే తల్లిదండ్రుల నోట ఈ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిల్లల మీద ప్రేమతోనే అంటారు. సామాను అమ్మేవాళ్ళు, కొందరు శిక్షకులు దానికి వంత పాడతారు. అలా అందరూ అనగా అనగా అది సిద్ధాంతమై కూర్చుంది. నేర్చుకునే పిల్లలకు పాత విల్లు ఇవ్వడం అవమానం, ప్రమాదం, పైగా దండగ అని. ఈ మూడూ తప్పు. ఇంకో మాట కూడా చెబుతాను. పదేళ్ళ పిల్ల చేతికి వచ్చే మొదటి విల్లు పాతదే అయి ఉండాలి. కొత్తది కొనివ్వడం చాలాసార్లు ఆ పిల్లకు మనం చేసే అపకారం.

కొత్తదే కొనాలన్న ఆలోచన ఎలా పుట్టిందో ముందు చూద్దాం. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చక్రాలు, కేబుళ్ళు ఉండే కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు గెలిచింది. అవే క్రీడల్లో బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ జట్టులో రజతం సాధించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ ఫొటోలు చూసిన పిల్లలకు ఆట మీద మనసు పుట్టింది. పెద్దల చూపు మాత్రం ఫొటోలోని విల్లు మీద పడింది. ధర విచారిస్తే లక్షల్లో ఉంది. అంత కాకపోయినా అందులో సగమో పావో పెట్టి కొనకపోతే పిల్లకు అన్యాయం చేసినట్టేననే బెంగ పట్టుకుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు సాధన చేసిన భుజాలు పట్టుకునే పరికరాన్ని, నిన్న చేరిన పిల్లకు కొలబద్దగా పెట్టుకోవడంలోనే ఉంది అసలు పొరపాటు.

మొదట అవమానం సంగతి తేలుద్దాం. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డకు మొట్టమొదట చుట్టేది కొత్త బట్ట కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు గుడ్డ. కొత్త బట్ట గరుకు ఆ ఒంటికి పడదని మన అమ్మమ్మలకు తెలుసు. అక్కకు కట్టిన ఉయ్యాలే తమ్ముడికీ కడతాం. పై తరగతి పిల్లల పుస్తకాలు సగం ధరకు తెచ్చుకుని చదివి ఎందరో ఇంజినీర్లయ్యారు, డాక్టర్లయ్యారు. వాళ్ళలో ఎవరికీ ఆ పుస్తకాల మీద ఇంకొకరి పేరు ఉండటం నామోషీ అనిపించలేదు. విల్లు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ‘ఎంగిలి’ ఎలా అయింది?

విల్లు విషయంలో మన పురాణాలు చెప్పేది ఇంకా స్పష్టంగా ఉంది. వానల కోసం మన ఊళ్ళలో విరాటపర్వం చదివించేవారు. అందులో జమ్మిచెట్టు దగ్గరి ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. తొలిసారి యుద్ధానికి బయలుదేరిన కుర్రాడు ఉత్తరుడు చెట్టెక్కి ఆయుధాల కట్ట విప్పి, ఈ విల్లెవరిదని అడుగుతాడు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు గాండీవం చరిత్ర చెబుతాడు. అది మొదట బ్రహ్మ దగ్గర ఉంది. తర్వాత ప్రజాపతికి, ఇంద్రుడికి, చంద్రుడికి, వరుణుడికి చేరింది. వరుణుడి నుంచి అర్జునుడికి వచ్చింది. తన విల్లు ఎన్ని చేతులు మారిందో అర్జునుడు దాచుకోలేదు, వరసపెట్టి గర్వంగా చెప్పుకున్నాడు. అరణ్యవాసంలో రాముడికి అగస్త్యుడు ఇచ్చిన విల్లూ అంతకు ముందు విష్ణువుదే. ముందు పట్టినవారి పేరు విల్లుకు మచ్చ కాదనీ, అదే దాని ప్రతిష్ఠ అనీ మన కథలు చెబుతుంటే, అవమానమనే మాట మనకెక్కడి నుంచి వచ్చింది? అది దుకాణం నేర్పిన సిగ్గు.

పురాణం గౌరవం సంగతి చెబుతుంది, భుజం సంగతి చెప్పదు. అందుకు విల్లు ఎలా పనిచేస్తుందో తెలియాలి. పిల్లలు నేర్చుకునే రికర్వ్ విల్లు ఒకే ముక్క కాదు. మధ్యలో చేత్తో పట్టుకునేది రైజర్. దానికి పైనా కిందా బిగించేవి లింబ్స్. ఆ రెండు కొసలనూ కలిపేది నారి. రైజర్ సాధారణంగా లోహంతో చేసింది, ఏళ్ళ తరబడి ఉంటుంది. విల్లును లాగడానికి ఎంత బలం కావాలో నిర్ణయించేవి లింబ్స్. ఆ బలాన్నే పౌండ్లలో చెబుతారు. ఇప్పుడు చాలా కంపెనీలు రైజర్‌కీ లింబ్స్‌కీ ఒకే రకం బిగింపు పాటిస్తున్నాయి కాబట్టి, ఒక కంపెనీ రైజర్‌కు ఇంకొకరి లింబ్స్ పడతాయి. అంటే రికర్వ్ విల్లు పుట్టుకతోనే విడదీసి మార్చుకునే వస్తువు. పిల్ల పెరుగుతుంటే రైజర్ అలాగే ఉంచి లింబ్స్ మార్చుకుంటూ పోవడం దాని ధర్మం.

లింబ్స్ మీద రాసి ఉండే పౌండ్లు నారిని 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. పదకొండేళ్ళ పిల్ల లాగగలిగేది 23, 24 అంగుళాలు. తగ్గిన ప్రతి అంగుళానికీ సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. తేలిక లింబ్స్‌లో ఇంకాస్త తక్కువ తగ్గుతుంది. ఈ పిల్ల చేతికి పద్నాలుగు, పదహారు పౌండ్లకు మించి పడకూడదు. ఆరు నెలలు, ఏడాది తిరిగేసరికి ఎత్తు పెరుగుతుంది, వీపు కండ గట్టిపడుతుంది, అప్పుడు రెండు మూడు పౌండ్లు పెంచాలి. ఇలా నాలుగైదు మెట్లు ఎక్కితే గానీ 70 మీటర్ల దూరానికి తగిన విల్లు చేతికి రాదు. కాబట్టి నేర్చుకునే పిల్లకు కావలసింది ఒక విల్లు కాదు, వరసగా నాలుగైదు జతల లింబ్స్. ఒక్కో జతతో పని ఏడాదో, ఇంకా తక్కువో.

ఇక్కడే ‘కొత్తదే కొంటాం’ అనే పట్టుదల పిల్లను దెబ్బతీస్తుంది. అప్పు చేసి కొన్న తండ్రి ఏం ఆలోచిస్తాడు? ఇంత పెట్టాం, మూడేళ్ళయినా రావాలి అనుకుంటాడు. పెరిగే పిల్లకు చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నట్టు విల్లు కూడా పెద్దది కొంటాడు. చేతికి పదహారు పౌండ్లు చాలిన చోట ఇరవై ఎనిమిది పడే విల్లు తీసుకుంటాడు. చెప్పు పెద్దదైతే కాలు జారుతుంది, అంతే. విల్లు బరువైతే భుజం చెడుతుంది. 16 పౌండ్లంటే ఏడుంపావు కిలోలు. 28 పౌండ్లంటే దాదాపు పన్నెండు ముప్పావు. ఒక పూట సాధనలో వంద బాణాలు వేస్తే మొదటి పిల్ల లాగిన మొత్తం 726 కిలోలు, రెండో పిల్లది 1,270 కిలోలు. తేడా దాదాపు పదకొండు బియ్యం బస్తాలు, యాభై కిలోలవి. రోజూ, పదేళ్ళ భుజం మీద!

ఆ బరువును పిల్ల నిజాయితీగా మోయదు, మోయలేదు కూడా. భుజం చెవి దాకా ఎత్తుతుంది, నడుము వెనక్కి వంచుతుంది, గడ్డం కిందికి చెయ్యి రాకముందే నారి వదిలేస్తుంది. ఆ అలవాట్లు ఒకసారి ఒంటికి పడితే మాన్పించడం మొదటినుంచి నేర్పడం కన్నా కష్టం.

ఇది నేను గట్టు మీద కూర్చుని గమనించి చెబుతున్నది కాదు, నా ఇంట్లో జరిగింది. మా అమ్మాయికి పదకొండో ఏట కొత్త విల్లు కొన్నాను. అమ్మినవారు ‘పెరుగుతుంది కదండీ, సరిపోతుంది’ అన్నారు. నేనూ అదే నమ్మాను. రెండు నెలలకు పిల్ల కుడి భుజం పట్టుకుని లేవడం మొదలైంది. నాలుగో నెలకు మైదానానికి రానంది. బద్ధకమనుకుని కోప్పడ్డాను. అదే మైదానంలో సాధన చేసే పెద్దమ్మాయి ఒకరోజు తన చిన్ననాటి లింబ్స్ తెచ్చింది. అంచుల దగ్గర రంగు పోయి ఉన్నాయి. “అంకుల్, ఇవి నాకు చిన్నవైపోయాయి, చెల్లికి బిగించి చూద్దాం” అంది. మా రైజర్‌కే బిగించింది. ఆ సాయంత్రం మా అమ్మాయి నారిని గడ్డం దాకా లాగి, అక్కడ నిలిపి, ఊపిరి తీసుకుని వదిలింది. బాణం ఎక్కడ గుచ్చుకుందో నేను చూడలేదు. నాలుగు నెలల తర్వాత పిల్ల ముఖంలో నవ్వు చూశాను. వేలు పోసి కొన్న కొత్త లింబ్స్ చేయలేని పని ఆ రంగు పోయిన లింబ్స్ చేశాయి. ఒక్కటే కారణం. అవి ఆ చేతికి సరిపోయాయి.

విల్లును తూచాల్సింది కొత్తదా పాతదా అని కాదు, ఆ చేతికి సరిపోయిందా లేదా అని. పదహారు, పద్దెనిమిది, ఇరవై పౌండ్ల లింబ్స్ ఎక్కువగా ఉండేది వాటిని దాటి పెరిగిన పిల్లల ఇళ్ళలోనే, మంచాల కింద, అటకల మీద. డబ్బు పోసి కొన్నవాడికి మార్చడానికి మనసు రాదు. చేబదులుగా తెచ్చుకున్నవాడు సరిపోకపోతే ఆ సాయంత్రమే మారుస్తాడు. పాత విల్లులో అసలు లాభం డబ్బు మిగలడం కాదు, ఈ స్వేచ్ఛ.

ఇక ప్రమాదం సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. పాత సామానులో ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు బాణాలు. కార్బన్ బాణంలో కంటికి కనపడని పగులు ఉండొచ్చు. వదిలిన క్షణంలో అది చీలితే ఆ పేళ్ళు విల్లు పట్టిన చేతిలో దిగుతాయి. అందుకే ప్రతి బాణాన్నీ రెండు చేతులతో కాస్త వంచి, తిప్పుతూ, చిటచిట శబ్దం వస్తుందేమో వినాలి. వస్తే విరిచి పారేయాలి. బాణం పొట్టిదైతే ఇంకా ప్రమాదం. పూర్తిగా లాగినప్పుడు దాని మొన రైజర్ మీది ఆనుడు దాటి వెనక్కి వచ్చేస్తే, తర్వాత దూసుకెళ్ళేది చేతిలోకే. పెరిగే పిల్ల బాణం ఎప్పుడూ తను లాగే కొలత కన్నా రెండు మూడు అంగుళాలు పొడుగు ఉండాలి. పెద్దవాళ్ళ బాణాలు పొడుగున్నా పిల్లలకు పనికిరావు. బాణం మీద 500 అని ఉంటే అది గట్టిది. 1000 అని ఉంటే అదే బరువుకు రెట్టింపు వంగుతుంది. తేలిక విల్లుకు వంగే బాణమే కావాలి. గట్టి బాణం పక్కకు పోతుంది, పిల్ల తప్పు తనదనుకుంటుంది.

లింబ్స్‌నూ చూడాలి. మే నెలలో మన ఎండకు కారు డిక్కీలో వదిలేసిన లింబ్స్‌కు పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. దూది ఉండ తీసుకుని అంచుల వెంబడి నడిపితే, ఎక్కడ పేడు లేచిందో అక్కడ దూది చిక్కుకుంటుంది. నారి ఎక్కించి వెనకనుంచి చూస్తే, అది రెండు లింబ్స్‌నూ సరిగ్గా మధ్యకు చీలుస్తూ కనపడాలి. ఒక పక్కకు పోతే లింబ్ మెలితిరిగిందేమో అనుమానించాలి, శిక్షకుడికి చూపించాలి. నారి పోగులు లేచి ఉంటే వెతుకులాట అక్కర్లేదు, కొత్తది వేయాలి. విల్లు మొత్తంలో చవకైన వస్తువుల్లో అదొకటి.

ఇవన్నీ చూడటానికి పట్టేది అరగంట. ‘పాతది ప్రమాదం’ అనేవాళ్ళు ఈ అరగంట సంగతి ఎత్తరు. ఇంకొకటీ ఎత్తరు. పైన చెప్పిన వాటిలో పొట్టి బాణం, గట్టి బాణం, మోయలేని బరువు కొత్త పెట్టెలోంచి కూడా వస్తాయి. దుకాణంలో కొన్నది కాబట్టి దాన్ని ఎవరూ పరీక్షించరు, అంతే తేడా. పాతదాన్ని అనుమానంతో చూస్తాం కాబట్టి తప్పు దొరుకుతుంది. కొత్తదాన్ని నమ్మకంతో చేతికిస్తాం కాబట్టి తప్పు భుజంలో బయటపడుతుంది.

నా వాదాన్ని అడ్డం పెట్టుకుని ‘సరే, మా ఇంట్లో ఒకటి పడి ఉంది, ఇచ్చేస్తాం’ అనేవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. పాత సామానుకు చెడ్డపేరు తెచ్చింది కొనమనేవాళ్ళ కన్నా ఇలా ఇచ్చేవాళ్ళే. నలభై పౌండ్ల లింబ్స్‌ను పిల్లకిచ్చి దానం చేశామనుకోవడం దానం కాదు, ఇల్లు ఖాళీ చేసుకోవడం. ఎడమచేతి వాటం పిల్లకు కుడిచేతి విల్లు ఇవ్వడమూ అంతే. కాంపౌండ్ విల్లు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. దాని చక్రాలు, కేబుళ్ళు ఒక్కో మనిషి లాగే కొలతకు అమర్చి ఉంటాయి. ప్రత్యేకమైన ప్రెస్ లేకుండా ఇంట్లో వాటిని విప్పకూడదు. కొలత మార్చగల రకమైతే, తెలిసిన చేతులు అమర్చిన తర్వాతే పిల్లకు ఇవ్వాలి. సరిపోనిది ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మేలు.

చివరిది ‘దండగ’ వాదం. మంచి సామాను ఉంటేనే ఆట వస్తుంది, పాతదానితో నేర్చుకున్న కాలమంతా దండగ అంటారు. విలుకత్తె దీపికా కుమారినే చూడండి. రాంచీ పక్కన రాతు చట్టీలో ఆటోడ్రైవర్ కూతురు. ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతో మొదలుపెట్టింది. 2006లో టాటా ఆర్చరీ అకాడమీలో చేరాకే సరైన పరికరం చేతికొచ్చింది. మూడేళ్ళకే, 2009లో, అమెరికాలోని ఆగ్డెన్‌లో ప్రపంచ యువ పోటీల్లో కేడెట్ విభాగం విజేత అయింది. రాజస్థాన్ గిరిజన కుర్రాడు లింబారామ్‌దీ వెదురు విల్లుతో మొదలైన ప్రయాణమే. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన తొలి విలుకాళ్ళలో అతనొకడు. మొదటి విల్లు ఖరీదైనది కాకపోవడం వాళ్ళనేమీ ఆపలేదు.

అయితే వాళ్ళ కథను చూపించి పేదపిల్లలకు వెదురు చాలనడం నా ఉద్దేశం కాదు. అది క్రూరత్వం. సరైన విల్లు సరైన సమయానికి అందకపోతే దీపిక కథ రాతు చట్టీలోనే ఆగిపోయేది. మన దేశంలో పిల్లల పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. వెదురు, కర్ర విల్లులతో 30, 50 మీటర్ల దూరాలకు వేస్తారు. చవక కాబట్టి ఎందరో అక్కడ మొదలుపెడతారు. అక్కడినుంచి రికర్వ్‌కు మారాల్సిన రోజున ధర విని ఎందరో ఆగిపోతారు. తరతరాలుగా విల్లు పట్టిన నల్లమల చెంచుల పిల్లలకైనా, ఏజెన్సీ కొండల పిల్లలకైనా ఆ మెట్టు ఎక్కించేది నినాదాలు కావు. ఒక రైజర్, సరిపోయే లింబ్స్, నడిపించే మనిషి. ఆ రైజర్ ఇవాళ ఏ ఇంటి అటక మీదో దుమ్ము పట్టి ఉంది. దండగ అంటే అది.

కొత్త వస్తువు ఇచ్చే ఉత్సాహం వేరు కదా అంటారు. నిజమే, వారం రోజులుంటుంది. పిల్లను రెండో ఏడు కూడా మైదానానికి రప్పించేది మూడు బాణాలు పక్కపక్కన గుచ్చుకున్న రోజు కలిగే ఆనందం. అది చేతికి సరిపోయిన విల్లుతోనే వస్తుంది. కొత్తవి కొనాలన్న ముచ్చట ఉంటే దానికీ చోటుంది. వేళ్ళకు పెట్టుకునే ట్యాబ్ ఆ చేతి కొలతకే కొనాలి. ఆర్మ్ గార్డ్, నారి, తన కొలతకు కోయించిన అరడజను బాణాలు కొనండి. మిగిలిన డబ్బు శిక్షణ ఫీజుకు పెట్టండి.

ఇచ్చేవాళ్ళు ఒక పద్ధతి పాటించాలి. లింబ్స్ మీద ఎన్ని పౌండ్లు రాసి ఉంది, ఏ కొలత రైజర్‌తో వాడారు, నారి ఎంత పొడుగు, ఎప్పుడు మార్చారు అన్నవి ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. అనుమానం ఉన్న బాణం ఒక్కటి కూడా అందులో ఉంచకండి. మొదటిరోజు మీరే వెళ్ళి, శిక్షకుడి ఎదుట, నారి ఎక్కించడం చూపించండి. బాణం పెట్టకుండా లాగి వదలకూడదని పిల్లకు మీ నోటితో చెప్పండి, ఆ ఒక్క తప్పుకే మంచి లింబ్స్ విరిగిపోవచ్చు. పిల్ల ఆట మానేస్తే నిష్ఠూరమాడకండి. ఒక్క షరతు మాత్రం పెట్టండి. తనకు చిన్నదైన రోజున ఇంకొకరికి ఇవ్వాలి. ప్రతి మైదానంలో ఒక బీరువా, ఒక పుస్తకం పెట్టి, ఎవరి లింబ్స్ ఎవరి దగ్గర ఉన్నాయో రాసుకునే పని శిక్షకులు తలకెత్తుకుంటే ఈ షరతు ఆచారమవుతుంది.

అర్జునుడి కథలో చివరి ఘట్టం మనం తక్కువగా గుర్తుచేసుకుంటాం. మహాప్రస్థానం వేళ అగ్నిదేవుడు ఎదురొచ్చి, నీకు దీనితో పని తీరింది, వరుణుడికి తిరిగివ్వమని అడిగాడు. అర్జునుడు గాండీవాన్ని, అమ్ములపొదులను నీటిలో విడిచాడు. అంతటివాడికీ ఆ విల్లు సొంతం కాలేదు, కొంతకాలం అతని చేతిలో ఉంది. మీ అటక మీది విల్లు కూడా అంతే. ఈ ఆదివారం దించండి, దూది ఉండతో అంచులు చూడండి, కొత్త నారి వేయించండి, మీ దగ్గరి మైదానంలో దానికి సరిపోయే చేతులు ఎవరివో శిక్షకుణ్ణి అడగండి.